జంట ఆటగాడు, షటిల్, గాలి

తిరుపతి నుండి చిత్తూరునకు రోడ్డు మీద సుమారు 70 కిలోమీటర్ల దూరము. గంటకు 565 కిలోమీటర్ల వేగముతో పోవు వస్తువేదైన ఉన్నచో ఈ దూరమును ఏడున్నర నిమిషములలో దాటును. మన రైళ్ళలో ఏదియు ఇందులో సగము వేగమునైనను అందుకొనలేదు. కాని తెలుగువాడొకడు ఒక వస్తువును ఈ వేగముతో కొట్టగలిగెను. 2023వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన జపానులోని సోకా పట్టణమున, రాకెట్లు తయారుచేయు ఒక కర్మాగారపు వ్యాయామశాలలో, అమలాపురమునకు చెందిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగముతో రాకెట్టును వీడినట్లు యంత్రములు నమోదు చేసినవి. మలేషియా ఆటగాడు తాన్ బూన్ హియాంగ్ పేరిట పదేండ్లుగా నిలిచియుండిన 493 కిలోమీటర్ల రికార్డు దానితో తొలగిపోయినది.

అదే దెబ్బను తిరుపతిలోని ఒక ఇండోర్ హాలులో కొట్టినను షటిల్ చిత్తూరు దారి పట్టదు సరికదా, ముప్పది మీటర్లు పోవుటకు ముందే నేలకు వ్రాలును. ఇంత వేగముతో బయలుదేరిన వస్తువు ఇంత త్వరగా చతికిలబడుటకు కారణము గాలి. ప్రపంచములోకెల్ల వేగముగా కొట్టగల సాత్విక్, అతని జతగాడు చిరాగ్ శెట్టి కలసి, ఒకే ప్రత్యర్థి జంట చేతిలో వరుసగా ఎనిమిదిమార్లు ఓడిపోయిరన్నచో అందును గాలికి కొంత భాగము కలదు. జంట ఆటలో, అనగా డబుల్స్‌లో, ఒక ఆటగాడు ఏండ్ల తరబడి నేర్చునది చాలవరకు ఈ గాలితో బేరము కుదుర్చుకొనుటయే.

చిత్తూరు ప్రాంతములో పెద్దవారికి బాడ్మింటన్ అనగానే ముందుగా జ్ఞప్తికి వచ్చునది ఉన్నిబంతితో ఆరుబయట, పక్షమునకు ఐదుగురు చొప్పున ఆడు ఆట. అది వేరు. ఉన్నిబంతి గాలివాటునకు అంతగా లొంగదు. కాబట్టియే దానిని బడి మైదానములో ఆడుకొనవచ్చును. షటిల్ ఆట అట్లు కాదు. చిన్న పంకా గాలికైనను షటిల్ దారి తప్పును.

షటిల్ నిర్మాణమును చూడుడు. బెండుతో చేసిన అరగుండు. దానిలో గుండ్రముగా నాటిన 16 ఈకలు. ఈకలు బాతువో హంసబాతువో అయియుండును. ఒక షటిల్‌లోని ఈకలన్నియు ఒకే పక్క రెక్క నుండి తీసినవి కావలెను, లేనిచో వంపులు కలియవు. బరువు 4.74 గ్రాములకు తగ్గరాదు, 5.50 గ్రాములకు మించరాదు. క్రికెట్టు బంతి సుమారు 160 గ్రాములు. అది ఇరువది మీటర్లు పోయినను దాని వేగములో కొద్ది భాగమే తగ్గును. షటిల్ బరువు అందులో ముప్పదియవ వంతు మాత్రమే, పైగా ఈకల బుట్ట గాలిని అడ్డుకొనుటకే విచ్చుకొనియుండును. బరువు తక్కువ, అడ్డము ఎక్కువ. గాలి దానిని ఎంత బలముగా వెనుకకు లాగునన్నది వేగముయొక్క వర్గమును బట్టి యుండును. అనగా వేగము రెండింతలైనచో లాగుడు నాలుగింతలగును. కాబట్టి ఎంత గట్టిగా కొట్టిన షటిల్‌కు అంత గట్టి శిక్ష.

ఈ శిక్షను లెక్కకట్టవచ్చును. 2015లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కొందరు షటిల్ గమనముపై ప్రకటించిన పరిశోధనను బట్టి చూచినచో, సముద్రమట్టమునకు దగ్గరి ప్రదేశములో షటిల్ వేగము ప్రతి 3.2 మీటర్లకు సుమారు సగమగుచుండును. మొదట 565. మూడు మీటర్లు దాటునప్పటికి 282. ఆరు మీటర్లు దాటునప్పటికి 141. తొమ్మిదిన్నర మీటర్ల కడ 71. కోర్టు మొత్తము పొడవు 13.40 మీటర్లే. ఎత్తునుండి జారవిడిచిన షటిల్ కూడ ఇట్లే. తిరుమల కొండ కొమ్ము నుండి విడిచినను గంటకు సుమారు 24 కిలోమీటర్ల వేగమును చేరి, ఆపైన పెరుగక, సైకిలు మీద పోవువాని వేగముతోనే లోయలోనికి దిగును.

కొండ మాట వచ్చినది కావున ఇంకొక సంగతి. తిరుపతి పట్టణము సముద్రమట్టమునకు సుమారు 160 మీటర్ల ఎత్తున నున్నది. తిరుమల 850 మీటర్లకు పైచిలుకు. ఉష్ణోగ్రత రెండుచోట్ల సమానమైనచో కొండపై గాలి సుమారు ఏడెనిమిది శాతము పలుచన. గాలి పలుచనైనచో లాగుడు తగ్గి షటిల్ దూరము పోవును. షటిల్‌ను పరీక్షించుటకు ఒక నియమము కలదు: వెనుక గీత మీద నిలిచి క్రిందినుండి పైకి నిండుదెబ్బ కొట్టినప్పుడు అది అవతలి వెనుక గీతకు 53 సెంటీమీటర్లకు తక్కువ కాకుండ, 99 సెంటీమీటర్లకు ఎక్కువ కాకుండ ఇవతల పడవలెను. ఈ రెండు గుర్తుల నడుమ 46 సెంటీమీటర్లే. తిరుపతిలో సరిగా నడుమ పడిన షటిల్‌ను అలిపిరి మెట్లెక్కి పైకి తీసికొనిపోయి అదే దెబ్బ కొట్టినచో అర మీటరుకు పైగా ముందునకు పోయి పరీక్ష తప్పును. 2022కు పూర్వము చిత్తూరు జిల్లాలోనుండిన మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చటను ఇదే చిక్కు.

కొండ ఎక్కనక్కర లేకుండగనే ఈ మార్పును చూడవచ్చును. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలుచనగును. మే నెలలో తిరుపతిలోని ఒక రేకుల హాలు 42 డిగ్రీలకు కాగినప్పుడు, 24 డిగ్రీలకు చల్లబరచిన హాలుతో పోల్చిచూడగా, గాలి సాంద్రత సుమారు ఆరు శాతము తక్కువ. అనగా తిరుపతి ఎండ షటిల్‌ను దాదాపు తిరుమల ఎక్కించినంత పని చేయును. అందుచేతనే షటిల్ డబ్బాల మీద 75 నుండి 79 వరకు అంకెలుండును. ఇవి గ్రెయిన్లలో బరువును సూచించునట్టి పాత కొలత; 77 అనగా ఇంచుమించు ఐదు గ్రాములు. పలుచని గాలికి తేలికైనది, అనగా చిన్న అంకె గలది; చిక్కని గాలికి బరువైనది. ఎండిన గాలిలో ఈకలు పెళుసై త్వరగా విరుగుచుండును గనుక, ఆటకు ముందు డబ్బాకు ఆవిరి పట్టు అలవాటు కూడ ఆటగాండ్రలో నున్నది.

ఊరూరు తిరిగి ఆడువానికి ఇది నిత్యసమస్య. సాత్విక్ పుట్టినది 2000వ సంవత్సరము ఆగస్టు 13న, కోనసీమలోని అమలాపురములో. అది సముద్రమునకు కూతవేటు దూరములోనున్న డెల్టా ఊరు. గాలి చిక్కనిది, తేమగలది. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు, తానును బాడ్మింటన్ ఆడినవాడు. బాలుడు ఆయన వెంట కోర్టునకు పోయి రాకెట్టు పట్టెను. 2014లో హైదరాబాదు చేరి పుల్లెల గోపీచంద్ అకాడమీలో ప్రవేశించెను. హైదరాబాదు 500 మీటర్లకు పైబడిన పీఠభూమి. అటుపిమ్మట జకార్తా, పారిస్, బాసెల్, బ్యాంకాక్. ప్రతి హాలులోను గాలి వేరు, చల్లబరచు యంత్రముల వాలు వేరు. మొదటి మ్యాచికి ముందు లభించు కొద్దిపాటి సాధనలో చేయికి క్రొత్త లెక్క నేర్పవలెను. ఎక్కువ కొట్టినచో వెనుక గీత దాటును, తక్కువ కొట్టినచో నడిమిలో తేలి ప్రత్యర్థికి విందగును.

మన దేశములో డబుల్స్ చాలకాలము సవతిబిడ్డ. పేరు తెచ్చుకొనవలెనన్నవారందరు సింగిల్స్‌నే ఎన్నుకొనుచుండిరి. సింగిల్స్‌లో నెగ్గనివారికి మిగిలినది జంట ఆటయని లోకము భావించెడిది. హైదరాబాదులో పెరిగిన గుత్తా జ్వాల, కర్ణాటకకు చెందిన అశ్విని పొన్నప్పతో కలసి 2010 కామన్వెల్తు క్రీడలలో స్వర్ణమును, 2011 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యమును గెలిచి ఆ భావమును కొంత సడలించెను. పురుషులలో అట్టి జంట లేకుండెను. 2016 ప్రాంతమున మలేషియా శిక్షకుడు తాన్ కిమ్ హెర్ సాత్విక్‌ను ముంబాయి కుర్రవాడు చిరాగ్ శెట్టితో జత కలిపెను. చిరాగ్ మూడేండ్లు పెద్ద. ఇద్దరును ఆరడుగులకు మించిన పొడగరులు, ఇద్దరును వెనుక నిలిచి స్మాష్ కొట్టుటకు అలవాటుపడినవారు. శిక్షకుని ఎన్నిక చూడగా విడ్డూరముగనే తోచును. ఒక బండికి రెండు ఇరుసులు బిగించి చక్రములు మరచినట్లు. ముందుండి వల కడ పని చూచువాడెవడు?

ఈ ప్రశ్నలోని బరువు తెలియవలెనన్న జంట ఆట కోర్టును గూర్చి కొంత చెప్పుకొనవలెను. దాని వెడల్పు 6.10 మీటర్లు. ఎదురుదాడిని కాచుకొనునప్పుడు ఇద్దరును పక్కపక్కన నిలిచి చెరి మూడు మీటర్లు పంచుకొందురు. తాము దాడి చేయునప్పుడు ఒకరి వెనుక ఒకరు నిలుతురు. వెనుకవాడు స్మాష్ కొట్టును, అది తిరిగి వచ్చునప్పుడు ముందువాడు వల మీదనే అడ్డగించి చంపును. షటిల్ పైకి లేచిన ప్రతిసారి, క్రిందికి దిగిన ప్రతిసారి, ఈ రెండు వ్యూహములు ఒకదానిలోనికి మరొకటి మారుచుండవలెను. చూచువానికి ఇద్దరు మనుష్యులు ఒక తిరుగలి చుట్టు తిరుగుచున్నట్లుండును. ఎవడు ఎప్పుడు ముందుకు, ఎవడు వెనుకకు అన్నది మాటలతో చెప్పుకొనుటకు వ్యవధి లేదు.

వ్యవధి ఎంత? స్మాష్ కొట్టువాడు వలకు నాలుగు మీటర్ల వెనుక, కాచుకొనువాడు అవతల నాలుగు మీటర్ల దూరమున నున్నారనుకొనుడు. నడుమ ఎనిమిది మీటర్లు. గంటకు 400 కిలోమీటర్ల వేగముతో బయలుదేరిన షటిల్ ఈ దూరమును సుమారు 0.19 సెకనులో దాటి, గంటకు 70 కిలోమీటర్ల వేగముతో చేరును. 565తో బయలుదేరినది సుమారు 0.14 సెకనులో, 99 కిలోమీటర్ల వేగముతో చేరును. రాకెట్టు కడ 165 కిలోమీటర్లుండిన తేడా ప్రత్యర్థిని చేరునప్పటికి 29కి దిగినది. కాలములో కలిసివచ్చినది సెకనులో ఇరువదియవ వంతు. చూచిన దానికి చేయి కదలించుటకు సామాన్యముగా మనుష్యునికి సెకనులో ఐదవ వంతు పట్టును. కాబట్టి రెండు దెబ్బలను కూడ చూచి ఆపుట అసాధ్యము. కొట్టువాని భుజమును, ఎగిరిన తీరును, రాకెట్టు ముఖమును ముందే చదివి, అది వచ్చుచోటికి రాకెట్టును చేర్చియుంచవలెను. ఈ చదువు బాగుగా నేర్చినవానికి 565 ఐనను 400 ఐనను పెద్ద భేదము లేదు. పైగా గట్టిగా వచ్చిన షటిల్ గట్టిగనే తిరిగిపోవును. స్మాష్ కొట్టి నేల మీద నిలదొక్కుకొనకముందే అది మరల ముఖము మీదికి వచ్చును.

అట్లయినచో ఎగిరి కొట్టుటవలన లాభమేమి? లాభమున్నది, అది వేగములో కన్న కోణములో నున్నది. వల నడిమిలో 1.524 మీటర్లు, స్తంభముల కడ 1.55 మీటర్ల ఎత్తు. వలకు నాలుగు మీటర్ల వెనుక, నేలకు 2.6 మీటర్ల ఎత్తున కొట్టిన షటిల్ వలను ఒరసుకొని తిన్నగా పోయినచో అవతల 5.9 మీటర్ల దూరమున నేలను తాకును. అది కాచుకొనువానికి సుమారు మోకాళ్ళ ఎత్తున వచ్చును. అదే ఎగిరి 3 మీటర్ల ఎత్తున కొట్టినచో 4.3 మీటర్ల కడనే నేలను తాకును, అనగా ఇంచుమించు వాని పాదముల కడనే. (గురుత్వమువలన కలుగు వంపును ఇందు లెక్కింపలేదు, ఇంత తక్కువ కాలములో అది స్వల్పము.) నలుబది సెంటీమీటర్ల ఎగురుటకు లభించిన ప్రతిఫలము ఒక మీటరు అరువది సెంటీమీటర్లు. గాలి వేగమును తినివేయును గాని కోణమును అంతగా తినలేదు.

ఐతే ఎగిరి కొట్టుటకు ముందు ప్రత్యర్థి షటిల్‌ను పైకి లేపవలెను. తెలిసిన ప్రత్యర్థి లేపడు. అతడు సర్వీసు నుండియే షటిల్‌ను వల ఎత్తున అణచియుంచి, బల్లపరుపుగా, వేగముగా, దేహము మీదికి కొట్టుచుండును. 2018లో ప్రవేశపెట్టిన నియమము ప్రకారము సర్వీసు చేయునప్పుడు షటిల్ యావత్తు నేలకు 1.15 మీటర్ల లోపుననే యుండవలెను. పూర్వము నడుము ఎత్తు కొలతగా నుండెను. పొడగరికి అది అనుకూలము. క్రొత్త నియమముతో పొడగరులకు ఆ అనుకూలము పోయినది. షటిల్ 1.15 మీటర్ల నుండి పైకెక్కి, వలను దారపుపోగంత ఎడముతో దాటి, వలకు 1.98 మీటర్ల దూరమునగల గీత దాటగానే వ్రాలవలెను. వ్రేలెడు ఎత్తు పెరిగినచో అవతలివాడు దూకి చంపును. ప్రపంచములోకెల్ల గట్టిగా కొట్టువాడు ప్రపంచములోకెల్ల మెల్లగా కొట్టుట కూడ నేర్వవలసి వచ్చినది ఇక్కడనే. ప్రేక్షకులు స్మాష్‌నకు చప్పట్లు కొట్టుదురు. జంట ఆటలో పాయింటు చాలమార్లు సర్వీసు, దానికి జవాబు, ఆ జవాబునకు జవాబు, ఈ మూడు నాలుగు దెబ్బలలోనే తేలిపోవుచుండును.

ఈ జంట మొదటి యేండ్ల ఫలితములు ఈ కొరతను స్పష్టముగా చూపుచున్నవి. 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్తు క్రీడలలో రజతము. 2019లో థాయ్‌లాండ్ ఓపెన్‌ను గెలిచి ఆ స్థాయి టోర్నమెంటును గెలిచిన మొదటి భారతీయ పురుషుల జంట అయిరి. కాని పై మెట్టున నిలిచిన ఇండోనేషియా, మలేషియా జంటలకు ఎదురైనప్పుడు ఓటములే. 2021 జూలైలో జరిగిన టోక్యో ఒలింపిక్సులో ఒక విచిత్రము. లీ యాంగ్, వాంగ్ చి-లిన్ అను చైనీస్ తైపీ జంటను మూడవ గేములో 27-25తో ఓడించిరి. ఆ బృందములో మూడు మ్యాచిలకు రెండు గెలిచిరి. కాని మూడు జంటలకు చెరి రెండు గెలుపులుండుటచేత గెలిచిన, ఓడిన గేముల అంతరమును లెక్కించిరి. లెక్కలో వీరు వెనుకబడి ఇంటిదారి పట్టిరి. వీరి చేతిలో ఓడిన తైపీ జంటయే కడకు స్వర్ణపతకమును తీసికొనిపోయినది.

ఆ యేడు మొదలుకొని శిక్షకుడు మథియాస్ బో. డెన్మార్కు వాడు, 2012 ఒలింపిక్సులో జంట ఆటలో రజతము గెలిచినవాడు. ఇద్దరిలో ఎవరు వెనుక కొట్టినను మరొకడు వల కడ నిలిచి ముగించగల ఆట ఈ కాలములోనే కుదిరినది. 2022 మే 15న బ్యాంకాక్‌లో జరిగిన థామస్ కప్పు ఫైనలులో, అప్పటికి పదునాలుగుమార్లు గెలిచిన ఇండోనేషియా మీద, మొదటి గేము 18-21తో పోగొట్టుకొని, రెండవదానిలో ఓటమి అంచునకు పోయి 23-21తో బయటపడి, మూడవదానిని 21-19తో గెలిచిరి. భారతదేశమునకు ఆ కప్పు అదే మొదటిసారి. ఆ యేడే బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్తు స్వర్ణము, టోక్యోలో ప్రపంచ కాంస్యము. ప్రపంచ పోటీలలో పురుషుల జంట ఆటలో భారతీయులకు అంతకు ముందు పతకమే లేదు.

ఆ ప్రపంచ పోటీల సెమీఫైనలులో వీరిని ఓడించినవారు మలేషియాకు చెందిన ఆరన్ చియా, సో వూయి యిక్. వీరు మన జంటవలె ఎత్తరులు కారు, వేగపు రికార్డులు లేవు. షటిల్‌ను అణచియుంచుటలోను, వచ్చిన స్మాష్‌ను అదే వేగముతో మరలించుటలోను దిట్టలు. పైన చెప్పిన గాలి లెక్క వీరికి కొమ్ము కాయును. 2023 జూన్ నాటికి వీరితో ఎనిమిది మ్యాచిలు, ఎనిమిది ఓటములు. అప్పటికి రెండు నెలలకు ముందే 565 కిలోమీటర్ల దెబ్బ నమోదైనది! జూన్ 18న జకార్తాలో ఇండోనేషియా ఓపెన్ ఫైనలులో తొమ్మిదవసారి ఎదురైనప్పుడు 21-17, 21-18తో సాత్విక్, చిరాగ్ గెలిచిరి. పర్యటనలోని అత్యున్నతమైన సూపర్ 1000 టోర్నమెంటును గెలిచిన మొదటి భారతీయ జంట వీరే. రెండు నెలలలో చేతి వేగము మారలేదు. స్మాష్‌నకు తగిన షటిల్ తమకు లభించునట్లు మొదటి దెబ్బలను నడుపుటలోనే మార్పు వచ్చినది.

ఆ యేడు అంతయు వీరిదే. దుబాయిలో ఆసియా చాంపియన్‌షిప్. 1965లో దినేష్ ఖన్నా సింగిల్స్ గెలిచిన తరువాత ఆ పోటీలలో భారతీయులకు అదియే స్వర్ణము. అక్టోబరు 7న హాంగ్‌జౌలో ఆసియా క్రీడల స్వర్ణము, మూడు దినముల తరువాత ప్రపంచ ప్రథమస్థానము. ఆ సంవత్సరపు ఖేల్ రత్న పురస్కారము ఇద్దరికిని ప్రకటింపబడినది.

ధనము సంగతి కూడ చెప్పవలెను, ఏలనన ఇది వృత్తి. ఆ ఇండోనేషియా ఓపెన్ బహుమతి మొత్తము పన్నెండున్నర లక్షల డాలర్లు. సింగిల్స్ విజేతకు 87,500 డాలర్లు. డబుల్స్ విజేతలకు 92,500. అది ఇద్దరు పంచుకొనవలసినది. అనగా తలకు 46,250. అదే హాలు, అన్నే దినములు, అవే మూడు గేములు. స్థానపట్టిక నియమము ఇంకను కఠినము. పాయింట్లు ఆటగానివి కావు, జంటవి. జతగాడు మారినచో క్రొత్త జంట పాయింట్లను మొదటినుండి కూడబెట్టుకొనవలెను. కాబట్టి డబుల్స్ ఆటగాని బ్రతుకుతెరువు తన దేహము మీద సగము, మరొకని దేహము మీద సగము ఆధారపడియుండును.

దేహములో ముందుగా అరుగునది భుజము. స్మాష్‌లో మణికట్టే ప్రధానమని కోర్టుల కడ తరచు వినవచ్చును. అది పొరపాటు. వేగమునకు ముఖ్యకారణములు రెండు తిరుగుళ్ళు: భుజపుటెముక తన ఇరుసు మీద లోపలికి గిర్రున తిరుగుట, ముంజేయి అరచేయి బయటికి మరలునట్లు తిరుగుట. మణికట్టు ఈ రెండింటిని రాకెట్టునకు అందజేయు కీలు. భుజపు కీలును గిన్నెలోని గుండు వంటిదని పుస్తకములు వ్రాయును గాని ఆ గిన్నె మిక్కిలి లోతు తక్కువది. నిమ్మకాయను సాసరులో నిలిపినట్లుండును. అందుచేతనే చేయి అన్ని దిక్కులకు తిరుగగలుగుచున్నది. నిమ్మకాయ జారిపోకుండ నాలుగు చిన్న కండరములు దానిని చుట్టు పట్టియుంచును. దెబ్బ కొట్టునప్పుడు రొమ్ము, వీపు పెద్ద కండరములు చేతిని ముందునకు విసరును. షటిల్ వెళ్ళిపోవును, చేయి మాత్రము ఆ వేగముతోనే ఇంకను పోవుచుండును. దానిని ఆపవలసిన పని చాలవరకు ఆ చిన్న కండరములది. అవి సాగుచునే బిగిసి బ్రేకు వేయవలెను. సాగుచు బిగియుట కండరమునకు, దాని స్నాయువునకు అన్నింటికంటె కష్టమైన పని. మ్యాచికి పదులకొలది స్మాషులు, సాధనలో అంతకు ఎన్నో రెట్లు. షటిల్‌కు గాలి బ్రేకు వేయుచున్నది. చేతికి గాలి సాయము లేదు.

2024 ఏప్రిల్‌లో సాత్విక్ భుజము మొరాయించినది. క్రిందటి యేడు తాము గెలిచిన ఆసియా చాంపియన్‌షిప్‌ను నిలుపుకొనుటకు కోర్టులో దిగకయే ఇద్దరును వదలుకొనవలసి వచ్చెను. చిరాగ్ భుజము బాగుగనే యుండెను. ఐనను అతడును ఇంట కూర్చుండవలసినదే. మే నెలలో తిరిగి వచ్చి థాయ్‌లాండ్ ఓపెన్ గెలిచిరి. ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్సు క్వార్టర్ ఫైనలులో ఎదుట నిలిచినవారు మరల ఆరన్ చియా, సో వూయి యిక్. మొదటి గేము 21-13తో మనవారిది. తరువాతి రెండు 14-21, 16-21. పతకము కొరకు పోయినవారు క్వార్టరు కడనే ఆగిపోయిరి. మలేషియా జంటకు కాంస్యము లభించెను. బో శిక్షకత్వము దానితో ముగిసినది. ఇద్దరిని మొదట జత కలిపిన తాన్ కిమ్ హెర్ మరల వచ్చెను.

2025 ఫిబ్రవరిలో అమలాపురపు తండ్రి మరణించెను. మార్చిలో సాత్విక్ ఆల్ ఇంగ్లండ్ పోటీలకు పోయి కోర్టులో దిగెను. ఈసారి నొప్పి జతగాని నడుముది. రెండవ మ్యాచి నడుమ చిరాగ్ ఆగిపోగా ఇద్దరును వైదొలగిరి. ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగినది పారిస్‌లోనే. క్వార్టర్ ఫైనలులో ఎదురైన జంటయు ఆ జంటయే. ఈమారు సాత్విక్, చిరాగ్ వరుస గేములలో గెలిచి సెమీఫైనలు చేరిరి. అచ్చట చైనాకు చెందిన చెన్ బోయాంగ్, లియు యీ చేతిలో మూడు గేములలో ఓడి, తమ రెండవ ప్రపంచ కాంస్యముతో తిరిగివచ్చిరి.